పాస్‌వర్డ్ కూడా అమానతే



మన ఇళ్లల్లో పిల్లోడు మొదటిసారి నౌకరికి పోతుంటే అమ్మీ, అబ్బా, దాదీమా అందరూ చెప్పే నసీహత్ ఒకటే. "సాబ్ ఏం చెప్తే అది చెయ్ బేటా. ఎదురు మాట్లాడకు. సబర్ చెయ్." నౌకరి దొరకడం ఎంత ముష్కిలో తెలిసినవాళ్లు మొహబ్బత్‌తో చెప్పే మాట అది. కానీ ఆఫీసుల్లో కంప్యూటర్ సపోర్ట్ చేసే పిల్లలకు ఈ నసీహత్ సగమే పనికొస్తుంది. మిగిలిన సగం వాళ్లను ముసీబత్‌లో పడేస్తుంది. తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

ఆబిడ్స్ జీపీవో నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఉన్న గల్లీల్లో కింద దుకాణం, పైన ఆఫీసు ఉండే బిల్డింగులు మీకు తెలుసు కదా. అక్కడ సపోర్ట్ పని హైటెక్ సిటీలో లాగా ఉండదు. షిఫ్టులు, టికెట్ నంబర్లు, టీమ్ లీడర్లు ఏమీ ఉండవు. ముప్ఫై మంది ఉన్న ఆఫీసుకు ఒక్కడే పిల్లోడు. ట్యాలీ తెరుచుకోకపోయినా అతనే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా అతనే. సాబ్ ఇంట్లో వైఫై రాకపోయినా, బేగం సాహెబా ఫోన్ నిండిపోయినా అతన్నే పిలుస్తారు. జీఎస్టీ రిటర్నులకు ఆఖరి తారీఖులైన 11, 20 వస్తే ఆఫీసంతా అతని నెత్తి మీదే. జనవరి 1న నుమాయిష్ మొదలైతే స్టాలు పెట్టిన వ్యాపారులకు బిల్లింగ్ మెషీన్లు, స్వైప్ మెషీన్లు రాత్రి దాకా నడవాలి. ఎవరో రోడ్డు తవ్వి కేబుల్ తెంపినా గాలీలు అతనికే. అన్నీ సజావుగా నడుస్తుంటే "వీడికి తన్ఖా ఎందుకు?" అంటారు. ఒకటి ఆగితే కూడా "వీడికి తన్ఖా ఎందుకు?" అనే అంటారు.

ఈ పని ఖద్ర్ దునియాకు ఒక్కరోజు తెలిసింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక ఖరాబ్ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. ఎన్నో చోట్ల సపోర్ట్ వాళ్లు ఒక్కో మెషీన్ దగ్గరికి నడిచి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు చేత్తో తీసేయాల్సి వచ్చింది. వాళ్ల పేర్లు ఏ అఖ్బార్‌లోనూ రాలేదు.

ఇక సాబ్‌ల సంగతి. నేను పనిచేసిన ఒక ఆఫీసు పేరు గానీ, ఆ సాబ్ పేరు గానీ ఇక్కడ రాయను. అలాంటివాళ్లు మీకూ తెలిసే ఉంటారు. పొద్దున వస్తూనే గొంతు లేపడం, అందరి ముందు "పాగల్" అనడం, జుమ్మా నమాజుకు లేస్తుంటే గడియారం చూడడం. ఇలాంటి సాబ్ దగ్గర సబర్ చేయొచ్చు. గుస్సా మింగి పని చేసుకుంటే అలసట తప్ప మనం పోగొట్టుకునేది పెద్దగా ఉండదు. అమ్మీ చెప్పిన నసీహత్ ఇక్కడి దాకా సహీ.

దాని తర్వాత వేరే ఖిస్సా మొదలవుతుంది. సపోర్ట్ పిల్లోడి చేతిలో ఆఫీసు తాళాలన్నీ ఉంటాయి. మెయిల్ పాస్‌వర్డులు, కెమెరా రికార్డింగులు, జీతాల ఫైలు, ఉద్యోగుల ఆధార్ కాపీలు. ఇవి సాబ్ కొన్న మెషీన్లలో ఉండొచ్చు. కానీ అవి ముప్ఫై మంది నమ్మి అప్పజెప్పిన అమానత్. ఖరాబ్ సాబ్‌కు ముందు కావాల్సింది ఈ తాళాలే.

ఒక సాయంత్రం ఆ సాబ్ నన్ను క్యాబిన్‌లోకి పిలిచి, అకౌంట్స్‌లో పనిచేసే ఒక ఆపా సీటు వైపు ఉన్న కెమెరా నేరుగా తన ఫోన్‌లో వచ్చేలా పెట్టమన్నాడు. ఆమె కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి ఉంటే అదీ చూపించమన్నాడు. "చోరీ జరిగితే రికార్డింగ్ తీసి ఇస్తాను సాబ్. ఇది మాత్రం నా చేత్తో కాదు" అన్నాను. "ఆఫీసు నాది, కెమెరా నాది, అడగడానికి నువ్వెవరు?" అన్నాడు. ఆ ఏడాది నా తన్ఖా ఒక్క రూపాయి పెరగలేదు. ఇన్కార్‌కు ఖర్చు ఉంటుంది. అది దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

కానీ ఒప్పుకుంటే పడే ఖర్చు ఇంకా పెద్దది. బేయిమానీగా వేరేవాళ్ల పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల దాకా ఖైదు, లక్ష దాకా జుర్మానా. రేపు ఆ ఆపా షికాయత్ చేస్తే పోలీసులు మొదట చూసేది ఎవరి లాగిన్‌తో తెరిచారనే. సాబ్ చేతులు దులుపుకుంటాడు. ఆమెకు ఉన్న దారి కూడా మనకు తెలిసి ఉండాలి. పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆఫీసులో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. షికాయత్ యజమాని మీదే అయితే జిల్లా స్థానిక కమిటీకి పోవచ్చు.

రెండోది, చోరీ సాఫ్ట్‌వేర్. "అందరూ వాడుతున్నారు, నువ్వు కూడా ఎక్కించు" అంటాడు సాబ్. కాపీరైట్ చట్టం 63బీ ప్రకారం తెలిసి దొంగ ప్రోగ్రాం వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా ఖైదు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జుర్మానా. ఎక్కించిన చెయ్యి పిల్లోడిదే కాబట్టి సవాళ్లు అతని దాకా వస్తాయి.

మూడోది అన్నిటికంటే ఆమ్. అప్‌డేట్ చేద్దామంటే "ఇప్పుడు వద్దు", బ్యాకప్‌కు హార్డ్ డిస్క్ కొందామంటే "పైసలు లేవు". తీరా డేటా పోతే "నీ గలతీ." 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ దునియా అంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయ్యాయి. ఆ రంధ్రాన్ని మూసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. ఇప్పుడు విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఖతం అయింది. ఈ గల్లీల్లో ఇంకా దాని మీదే బిల్లులు కొడుతున్న మెషీన్లు నేను రోజూ చూస్తున్నాను. వాటిలో ఒకదానికి ఏదైనా అయితే ఇల్జామ్ ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

ఇలాజ్ ఏమిటి? రాసి పెట్టుకోవడం. కొట్లాట అక్కర్లేదు, గొంతు లేపక్కర్లేదు. సాబ్ నోటితో చెప్పిన దానికి అదే సాయంత్రం అదబ్‌తో ఒక మెయిల్ పెట్టాలి. "సాబ్, ఈరోజు బ్యాకప్ డిస్క్ కొనడం వద్దన్నారు. పాత డిస్క్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు. మీ ఇజాజత్ దొరకగానే కొంటాను." మూడు వాక్యాలు చాలు. తప్పు పని చెప్తే "ఇది మెయిల్‌లో రాసి పంపండి సాబ్" అనాలి. నా తజ్రుబాలో చాలామంది సాబ్‌లు అక్కడే వెనక్కి తగ్గుతారు. వాళ్లు రాసే పంపినా తప్పు పని తప్పు పనే, చేయొద్దు. కాకపోతే మన దగ్గర సుబూత్ ఉంటుంది.

కొందరు బుజుర్గులు అడుగుతారు, "చెల్లెలి షాదీ ఉంది, ఇంటి కిరాయి ఉంది, ఇజ్జత్‌తో కడుపు నిండుతుందా?" అని. సహీ సవాలే. నేను రేపే రాజీనామా చేయమనడం లేదు. ఇంకో నౌకరి వెతుక్కుంటూనే ఇక్కడ చేతులు సాఫ్‌గా ఉంచుకోమంటున్నాను. పోలీస్ కేసులో పేరు పడ్డ పిల్లోడికి ఇంకో ఆఫీసు తాళాలు ఎవరిస్తారు? కిరాయి ఎవరు కడతారు?

మన దగ్గర ఇంకో ఆదత్ ఉంది. నౌకరి సిఫారసుతో వస్తుంది. "మీ మామూ మొహం చూసి పెట్టుకున్నాను" అంటాడు సాబ్. మామూ మొహం చూసి లెటర్ అడగం, పీఎఫ్ అడగం. ఇవి ఎహ్సాన్ కాదు, హక్కు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే. ఇరవై మంది ఉన్న చోట పీఎఫ్ ఉండాలి. పది మంది ఉండి, తన్ఖా 21 వేల లోపు అయితే ఈఎస్ఐ ఉండాలి. దానికి మన జీతంలో పోయేది నూటికి ముప్పావు రూపాయి, సాబ్ కట్టేది మూడుంపావు. చాలాచోట్ల కటింగ్ జరుగుతుంది, జమ జరగదు. ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

టైమ్ సంగతి కూడా. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనికి ఇజాజత్ ఇచ్చింది. కానీ వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. అది దాటితే ఓవర్‌టైమ్. ఆరు నెలలు నిండిన ములాజిమ్‌ను సరైన వజా లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయడం దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ఒప్పుకోదు. "రేపటి నుంచి రాకు" అన్న మాటకు భయపడే ముందు ఇది యాద్ పెట్టుకోవాలి.

అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్ ఒకటి. పిల్లోడు రాత్రి పదింటికి ఇంటికొస్తే "సాబ్ ఖుష్‌గా ఉన్నాడా?" అని అడగడంతో ఆపకండి. లెటర్ ఇచ్చారా, పీఎఫ్ జమ అవుతోందా అని అడగండి. నీ మనసుకు ఖటక్ అనిపించే పని ఏదైనా చెప్పాడా అని అడగండి. చెప్పాడంటే పిల్లోడి ముందు సాబ్ తరఫు మాట్లాడకండి. సిఫారసు చేసిన మామూ ఏమనుకుంటాడో తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో తన వైపు ఒక్కరు నిలబడ్డారని తెలిస్తేనే పిల్లోడికి మర్నాడు క్యాబిన్‌లో "నా చేత్తో కాదు సాబ్" అనే హిమ్మత్ వస్తుంది.

ఖుదా హాఫిజ్.