గురి కుదరాలంటే... గురిగింజ తూకం!

తుపాకీ పేలుస్తాడు. రెప్పపాటులో పనైపోతుంది. ఆ తర్వాత ఆ పెద్దమనిషి కుర్చీలో చేరగిలబడి, ఫ్లాస్కులోని కాఫీ తాగుతూ ఊరికే కూర్చుంటాడు. గొట్టం చల్లారాలి మరి! జింకల వేట సీజనుకు ముందు అమెరికాలోని షూటింగ్ రేంజిల్లో కనిపించే దృశ్యమిది. ఆయన చేతిలో ఉన్నది పొగ రాని మందుతో పేలే మజిల్‌లోడర్ రైఫిల్.

మజిల్‌లోడర్ అంటే మనకు తెలియనిదేం కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించే తుపాకీ. మన పేపర్లలో నాటు తుపాకీగా కనిపించేది ఈ కుటుంబంలోదే. (మన దగ్గర దానికైనా లైసెన్సు ఉండాల్సిందే.) తూటా రైఫిళ్లు వచ్చి వందేళ్లు దాటినా అమెరికాలో దీనికి కాలం చెల్లలేదు. చాలా రాష్ట్రాలు మజిల్‌లోడర్ల కోసం విడిగా వేట రోజులు కేటాయించడం అందుకు పెద్ద కారణం.

పాతకాలపు మందులో సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఇంగ్లిషులో బ్లాక్ పౌడర్. తెలుగులోకి మార్చి నల్లమందు అనేస్తే మాత్రం అర్థం అడ్డం తిరుగుతుంది! కాలాక అందులో సగానికి పైగా పొగగా, మసిగా మిగిలిపోతుంది. ఆ మసి చెమ్మను పీల్చుకుని గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. వేట నుంచి వచ్చాక ఎంత అలసటగా ఉన్నా తుపాకీ కడగాల్సిందే.

ఈ బాధ తప్పించే మందును ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెల్ 1884లోనే తయారుచేశాడు. నైట్రోసెల్యులోజ్‌తో చేసిన అది దాదాపు పొగ లేకుండా కాలుతుంది. రెండేళ్లకే ఫ్రెంచి సైన్యానికి దానితో పేలే లెబెల్ రైఫిల్ వచ్చింది. మూతిలోంచి దట్టించే తుపాకీకి మాత్రం ఆ భాగ్యం దక్కడానికి వందేళ్లకు పైగా పట్టింది. నార్త్ కరోలినాకు చెందిన హెన్రీ బాల్ రూపకల్పన ఆధారంగా 2000 ప్రాంతంలో సావేజ్ కంపెనీ 10ఎంఎల్ మోడల్‌ను తెచ్చింది. గొట్టం, దాని అడుగున బిగించే ప్లగ్ ఆ ఒత్తిడికి తట్టుకునేలా చేసిన రైఫిల్ అది. అలా చేయని మామూలు మజిల్‌లోడర్‌లో పొగ రాని మందు పోస్తే గొట్టం బద్దలై, పేల్చినవాడి వేళ్లో, కళ్లో, ప్రాణమో పోవచ్చు.

ఎందుకంటే రెండు మందుల స్వభావమే వేరు. పాత మందు కాస్త ఓర్పు గలది. ఇత్తడి గొట్టంతో కొలిచి పోసినా పనైపోతుంది. కొత్తదానిది దూకుడు. ఒత్తిడి పెరిగే కొద్దీ మరింత వేగంగా కాలుతుంది, వేగంగా కాలే కొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే దాన్ని కొలవరు, తూస్తారు. తూకం గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. ఈ లెక్క మన కంసాలులకు కొత్త కాదు. బ్రిటిష్ వారి హయాంలో తులానికి కట్టిన తూకం 180 గ్రెయిన్లు. గురిగింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. తుపాకీవాళ్ల త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు వరకు చూపుతుంది. అంటే గురిగింజలో దాదాపు ఇరవయ్యో వంతు!

ఇంకో చిక్కుంది. తూటా రైఫిల్లో మందు ఎక్కువైతే ఇత్తడి తొడుగు ఉబ్బి, బిగుసుకుని ఎంతోకొంత హెచ్చరిస్తుంది. ఇక్కడ ఆ తొడుగే లేదు. కాబట్టి రైఫిల్ తయారీదారు చెప్పిన మందుతో, చెప్పినవాటిలో అతి తక్కువ మోతాదుతోనే మొదలుపెడతారు. గుండు, దాన్ని పట్టి ఉంచే సాబో అనే ప్లాస్టిక్ తొడుగు, ప్రైమర్... ఏవీ మార్చరు. నూరు గజాల దూరంలోని కాగితం మీదికి మూడో ఐదో గుళ్లు పేల్చి, చిల్లుల మధ్య దూరం కొలుస్తారు. క్రోనోగ్రాఫ్‌తో వేగం చూస్తారు. అన్నీ నోట్‌బుక్కులోకి ఎక్కుతాయి. తర్వాత మోతాదు కాస్త పెంచి మళ్లీ అదే పని. అందుకే ఒక్కోసారి సాయంత్రమైనా డజను గుళ్లు దాటవు. గొట్టం వేడిగా ఉండగానే దట్టిస్తే సాబో మెత్తబడి, ఆ కాగితం మీది లెక్కలన్నీ తప్పుతాయి.

అన్నిటికన్నా భయం మరుపంటే. కబుర్లలో పడి పోసిన మందు మీదే మళ్లీ మందు పోస్తే? గుండు అడుగు దాకా దిగకపోతే? అందుకే కడ్డీ మీద గీత గీసుకుంటారు. ఆ గీత గొట్టం మూతి దగ్గరికి సరిగ్గా రాకపోతే పేల్చరు.

కొత్తవాళ్లకు మందు పెంచేకొద్దీ గురి బాగుపడుతుందనిపిస్తుంది. తీరా చూస్తే, చిల్లులు దగ్గర దగ్గరగా పడేది చాలాసార్లు గరిష్ఠ మోతాదుకు కిందే. అది దొరికాక పైకి వెళ్లాలన్న సరదాను చంపుకోవడమే కష్టం. పైగా ఒక రైఫిల్‌కు కుదిరిన మోతాదు, పక్కనే ఉన్న అదే మోడల్‌కు కుదరకపోవచ్చు.

ఇంతా చేసి కొలరాడోలో మజిల్‌లోడర్ల సీజనుకు వెళ్తే దీన్ని ఇంట్లో పెట్టి వెళ్లాల్సిందే. అక్కడ ఆ రోజుల్లో పొగ రాని మందు నిషేధం. సాబోకీ అనుమతి లేదు, టెలిస్కోపుకీ లేదు.