కాలి కొలత

సైకిలు కొనవచ్చినవారు అంగడిలో మొట్టమొదట అడుగునది ‘ఇది ఎన్ని అంగుళాలది?’ అని, అంగడివారు 26 అనియో, 27.5 అనియో, 29 అనియో బదులు చెప్పుదురు. అంతటితో కొలతల విచారణ ముగిసినదని ఉభయులును తృప్తి పొందుదురు. కాని ఆ అంకె చక్రము వ్యాసమును తెలుపునదే గాని, దానిపై కూర్చుండబోవు మనుష్యుని గూర్చి ఏమియు చెప్పదు. అవే 26 అంగుళముల చక్రములకు 14 అంగుళముల చట్రమును బిగింపవచ్చును, 20 అంగుళముల చట్రమును బిగింపవచ్చును. మొదటిది పొట్టిదైన బాలికకు హాయి నిచ్చును, రెండవది ఆమెకు ప్రతిదినమును శిక్ష యగును. లావు టైర్లను, ముందు ఫోర్కులోని స్ప్రింగులను, మెరుగురంగులను చూచి కొండసైకిలు కొనుటయు, తొక్కబోవువారి కాలు ఎంత పొడవో చూడకపోవుటయు మన ప్రాంతములలో నిత్యము జరుగుచున్నవి.

ఇది పట్టణములందలి వినోదవిహారులకు మాత్రమే పట్టిన విషయమని తలచువారు ఆవపల్లి వంటి ఊరిని తలచుకొనవలెను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, 2007లో దంతెవాడ జిల్లానుండి విడివడిన బీజాపూరు జిల్లాలో, ఉసూరు బ్లాకున, బాసగూడకు పోవు త్రోవలో ఉన్న ఆ ఊరు గోండీ, దోర్లీ, హల్బీ, హిందీలతోపాటు తెలుగును వినవచ్చు చోటు. తారురోడ్డు దిగినంతనే ఎర్రమొరము, గులకరాళ్ళు, చెట్లవేళ్ళు పైకి తేలిన కాలిబాటలు, వానకాలమున పొంగు వాగులు ఎదురగును. 2005 తరువాత, మావోయిస్టులకు ఎదురుగా నడచిన సల్వాజుడుం నాటి కల్లోలమున ఆ ప్రాంతపు ఊళ్ళు చెదరినవి, బళ్ళు మూతపడినవి. మరల తెరచుకొన్న బడికి బిడ్డ పోవలసిన దూరమే ఆమె చదువును నిర్ణయించు చోట, సైకిలును విలాసవస్తువని ఎవరనగలరు? ఉదయమున ఆమెను బడికి చేర్చిన ఆ సైకిలే సాయంకాలము రేషను బియ్యమును, ఇప్పపూవు మూటను ఇంటికి మోయవలసియుండును.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2004-05 నుండి సరస్వతీ సైకిల్ యోజన పేర, తొమ్మిదవ తరగతిలో చేరిన షెడ్యూల్డు కులముల, తెగల బాలికలకును, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబముల బాలికలకును ఉచితముగా సైకిళ్ళిచ్చుచున్నది. ఆ పథకము మేలైనది. ఆ మేలు బాలిక మోకాలికి, నడుమునకు, అరచేతికి కూడ అందవలెనన్నదే నా విన్నపము. తొమ్మిదవ తరగతి గదిలో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరి ఎత్తులో జానెడు భేదముండుట సాధారణము. వేలకొలదిగా ఒక్కసారి కొని పంచు ఏర్పాటులో ఒకే కొలత కొనువానికిని, అమ్మువానికిని సులభము; తొక్కుదానికి కాదు.

కొండసైకిలు పుట్టుకలోనే ఈ పాఠమున్నది. 1970ల నడుమ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మరీన్ కౌంటీ యువకులు పాతకాలపు లావు టైర్ల బరువు సైకిళ్ళను కొండపైకి చేర్చి, మట్టిబాటలపై క్రిందికి దూకించి పందెములాడిరి; 1976లో మొదలైన ‘రీప్యాక్’ పందెములు వానిలో ప్రసిద్ధములు. 1977లో వారిలో ఒకడగు జో బ్రీజ్ ఆ పనికే ప్రత్యేకించి చట్రము నిర్మించెను. 1996 నాటి అట్లాంటా ఒలింపిక్సులో కొండసైకిలు పందెమునకు స్థానము లభించెను. అయితే నన్ను ఎక్కువగా ఆకర్షించినది 1984లో అదే బ్రీజ్, జోష్ ఏంజెల్ అను మిత్రునితో కలసి చేసిన చిన్న స్ప్రింగు సాధనము: కొండ దిగునప్పుడు సీటును క్రిందికి నొక్కుటకును, ఎక్కునప్పుడు పైకి లేపుటకును అది తోడ్పడెను. ఎగుడుదిగుడు నేలపై శరీరము ఒకే ఆసనమున నిలువదని, యంత్రమే శరీరమును అనుసరింపవలెనని వారు ఆదిలోనే గ్రహించిరి.

ఇక సైకిలు మనకు సరిపోవునో లేదో చూచు పరీక్షకు వత్తము. మొదట సైకిలును రెండు కాళ్ళ నడుమ నిలిపి, ఎప్పటి చెప్పులతోనే నేలపై నిలువవలెను. అడ్డకడ్డీకిని శరీరమునకును నడుమ, చదునైన రోడ్డుపై తొక్కుటకైతే రెండువ్రేళ్ళ యెడము చాలును. రాళ్ళదారిన హఠాత్తుగా దిగవలసివచ్చినప్పుడు ఒక కాలు పల్లమున పడును గనుక నాలుగువ్రేళ్ళకు తక్కువ ఉండరాదు. కడ్డీ క్రిందికి వంగిన బాలికల సైకిళ్ళ విషయమున ఈ పరీక్ష దాదాపు నిరుపయోగము. ఎంత పెద్ద చట్రమైనను అందులో నెగ్గును. అచ్చట సీటును, చేతిపిడిని మాత్రమే విచారింపవలెను.

సీటు ఎత్తునకు శాస్త్రజ్ఞులు సూత్రములు చెప్పిరి. బ్రిటనులో హామ్లే, థామస్ అనువారు 1967లో, క్రిందికి దిగిన పెడలునుండి సీటు పైభాగమువరకు ఉండవలసిన దూరము కాలి లోపొడవులో (కాళ్ళ సందునుండి నేలవరకు గల కొలతలో) 109 శాతమనిరి. ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్ ప్రచారము చేయగా, అమెరికా పందెగాడు గ్రెగ్ లెమాండ్ పేరుతో వ్యాపించిన మరియొక సూత్రము, క్రాంకు (పెడలును ఇరుసునకు కలుపు చేయి) తిరుగు ఇరుసు నడిమినుండి సీటు పైకి లోపొడవును 0.883తో హెచ్చవేయుమనును. కాలి లోపొడవు 80 సెంటీమీటర్లున్న పురుషునికి, 170 మిల్లీమీటర్ల క్రాంకుతో ఈ రెండును ఇంచుమించుగా ఒకేచోట కలియును: మొదటి లెక్కను పెడలునుండి 87.2, రెండవ లెక్కను క్రాంకు పొడవు కలుపగా 87.6 సెంటీమీటర్లు. కాని లోపొడవు 70 సెంటీమీటర్లే ఉన్న బాలికకు అదే క్రాంకుతో మొదటిది 76.3 అనును, రెండవది 78.8 అనును, రెండున్నర సెంటీమీటర్ల భేదము మోకాలికి చిన్నది కాదు. పొడవుకాళ్ళ పందెగాండ్ర నడుమ వాడుకకు వచ్చిన గుణకమును చిన్న శరీరమునకు అట్లే తగిలించినచో సీటు మితిమీరి పైకి పోవును. ఏలయన కాలు కురచయైనను క్రాంకు కురచ కాలేదు.

కావున సూత్రముకంటె మడమను నమ్ముటయే నాకు మేలని తోచును. ఒకరు వెనుకనుండి సైకిలును పట్టుకొనగా, సీటుపై నిటారుగా కూర్చుండి, పెడలును అట్టడుగునకు దింపి, దానిపై మడమ నానింపవలెను. తుంటి ఒరుగక కాలు చక్కగా చాపుకొనవలెను. తరువాత మునిపాదముతో పెడలును త్రొక్కినప్పుడు మోకాలు కొంచెము వంగియుండును. ఆ కొంచెమే కావలసినది. తొక్కునప్పుడు నడుము ఇటునటు ఊగినచో సీటు ఎక్కువ ఎత్తు. మోకాలి ముందువైపు నొప్పి పుట్టినచో తరచుగా సీటు మరీ పల్లము, వెనుకవైపు పుట్టినచో మరీ ఎత్తు. కొండదారిని దిగవలసిన ప్రతిసారియు సీటును మూడు నాలుగు వ్రేళ్ళు దించుకొనుట మంచిది. పైకి లేపునప్పుడు మాత్రము సీటు రాడ్డుపై చెక్కిన గీత బయటికి కనబడరాదు; కనబడినచో రాడ్డు చాలినంత లోపల లేదని, విరుగునని అర్థము.

చేతుల సంగతి కాళ్ళకన్న ఎక్కువగా ఉపేక్షింపబడుచున్నది. కొండబాటన మనము సీటుపై కూర్చుండుటకంటె పెడళ్ళపై లేచి నిలుచుటయే ఎక్కువ. అట్లు నిలిచినప్పుడు మోచేతులు వంగి, హ్యాండిలు రొమ్మునకు దూరముగాక, భుజములు చెవులవైపు బిగిసిపోక ఉండవలెను. చట్రము పొడవైనచో చేతులు చాచుకొనిపోవును, ముందుచక్రము గుంటలో దిగినప్పుడు దానిని అదుపు చేయ బలము చాలదు. మరి బ్రేకు పిడి! చిన్న చేతిగల బాలిక పిడిని అందుకొనుటకు హ్యాండిలుపైనుండి అరచేతిని సగము జార్చవలసివచ్చినచో, ఆ సైకిలుకు బ్రేకు లేదన్నమాటే. చాల పిడులలో వానిని లోపలికి జరుపుటకు చిన్న మరయుండును. స్క్రూడ్రైవరుతో అరనిమిషము పని, దానికై ప్రయత్నించిన దుకాణములను మాత్రము నేను మిక్కిలి అరుదుగా చూచితిని.

పెరుగు బిడ్డకు పెద్దదే కొనుడు, నాలుగేండ్లు వచ్చునని తల్లిదండ్రులు చెప్పుదురు. పేదరికమునుండి పుట్టిన ఆ ఆలోచనను నేను తేలికగా త్రోసివేయలేను. కాని పెద్ద చొక్కా చేతులను మడువవచ్చును గాని, పెద్ద చట్రమును మడువలేము. సీటును పైకి లేపుకొనుటకు చిన్న చట్రమున చోటుండును. పెద్ద చట్రమున హ్యాండిలును దగ్గరకు లాగుకొనుటకు ఉపాయములు మిక్కిలి స్వల్పము. తన సైకిలుపై తూలి పడిన పిల్ల ఒకటి రెండుసార్ల తరువాత దానిని అన్నకో, తండ్రికో అప్పగించి, తాను మరల నడకకు తిరుగును. పంపిణీ లెక్కలలో మాత్రము ఆమె సైకిలు పొందినదిగానే నిలుచును.

సైకిలు ఎంత పని చేయగలదో బిహారు చూపినది. 2006లో అచట మొదలైన బాలికల సైకిలు పథకముపై కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ జరిపి 2017లో ప్రకటించిన పరిశోధన, ఉన్నతపాఠశాలలో బాలికల నమోదు 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల నడుమ అంతరము 40 శాతము తగ్గినదనియు తేల్చినది. అచట తొలుత సైకిలు గాక రెండువేల రూపాయల ధనమిచ్చిరి. కుటుంబము అంగడికి పోయి బిడ్డను నిలువబెట్టి కొనుటకు వీలు కలిగెను. ఉసూరు వంటి అడవిప్రాంతపు బ్లాకులలో సైకిళ్ళ అంగళ్ళు దగ్గర లేవు గనుక వస్తువే ఇచ్చుట న్యాయము కావచ్చును. అట్లయినచో కనీసము రెండు కొలతలలో తెప్పింపవలెను. పంపిణీనాడు బడి ఆవరణమున ఒక మెకానిక్కును పానాతో, గాలిపంపుతో నిలుపవలెను. ప్రతి బాలికను సీటుపై కూర్చుండబెట్టి మడమ పరీక్ష చేసి, బ్రేకు పిడి ఆమె వ్రేళ్ళకు అందునట్లు మర త్రిప్పి, ఆపై సంతకము తీసికొనవలెను. కొలత ముందుగానే తెలియవలెనన్నచో, గోడకు వీపానించి నిలిచిన బాలిక రెండుకాళ్ళ నడుమ గట్టి అట్టపుస్తకమును పైకి నొక్కిపట్టి, దాని పైయంచునుండి నేలవరకు టేపుతో కొలిచిన చాలును. తొమ్మిదవ తరగతి ఉపాధ్యాయిని ఒక మధ్యాహ్నమున తరగతి నంతటిని కొలువగలదు. జిల్లాకు పంపు జాబితాలో పేరు, ఊరు, కులము ప్రక్కన ఆ సెంటీమీటర్లకు ఇంకొక గడి గీయుట ఈ సంవత్సరమే మొదలు పెట్టవచ్చును.