‘వయసైపోయింది’ అని వదిలేయకండి

మా ఓ.పి.కి పెద్దవారిని వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాల నోట ఒక మాట తరచు వింటుంటాం: ‘రెండేళ్లుగా ఇలాగే ఉందండీ, వయసు కదా అని ఊరుకున్నాం.’ ఈ మాట అనేవారు పెద్దలంటే ప్రేమ లేనివారేమీ కాదు. షుగరుకు, బి.పి.కి నెలనెలా తీసుకొస్తారు. మోకాళ్ల నొప్పులకు మందు అడుగుతారు. కంట్లో శుక్లానికి ఆపరేషన్ చేయిస్తారు. మతిమరుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘చాదస్తం’ అని పేరు పెట్టి పక్కన పెట్టేస్తారు. వైద్యానికి ఎక్కువగా పనికొచ్చే కాలం ఆ రెండేళ్లే. మతిమరుపుకు వయసే కారణం అనే మాట పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు చెప్పాలి తప్ప, ముందుగా ఇంట్లోవాళ్లు తేల్చకూడదని నా అభిప్రాయం.

వయసుతోపాటు మెదడు కొంత నెమ్మదిస్తుంది, కాదనను. తెలిసినవారి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయి, సాయంత్రానికి గుర్తుకు రావడం, కళ్లజోడు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతకడం, వంటగదిలోకి వెళ్లి ఎందుకొచ్చానా అని నిలబడిపోవడం – ఇవి నలభై ఏళ్లవారికీ ఉన్నవే. పోయిన నెల మనవరాలి పెళ్లిలో ఏమేం వడ్డించారో మరిచిపోతే కంగారు లేదు. ఆ పెళ్లి జరిగిన సంగతే మరిచిపోయి, ‘పిల్లకు సంబంధాలు చూస్తున్నారా?’ అని అడిగితే మాత్రం ఆలోచించాలి. గుర్తు చేసినా గుర్తుకు రావడం లేదా? రోజూ చేసుకునే పని దెబ్బతింటున్నదా? మనిషి ఇంతకు ముందున్న తీరు మారిందా? ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపి నోటిలెక్కతో బేరం చేసిన ఆయన ఇప్పుడు వంద నోటుకు చిల్లర తప్పు ఇస్తున్నాడంటే అది మార్పు. చిన్నప్పటినుంచీ లెక్కలు రానివాడు తప్పు చేస్తే మార్పు కాదు. పులుసులో రెండుసార్లు ఉప్పు వేయడం, ఇరవై ఏళ్లుగా నడిచిన వీధిలో ఇల్లు ఏ పక్కనో తెలియక నిలబడిపోవడం, పది నిమిషాల్లో అదే ప్రశ్న నాలుగుసార్లు అడగడం, వేసుకున్న షుగరు మాత్ర మళ్లీ వేసుకోవడం, ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి నలుగురిలో బూతులు మాట్లాడటం – ఇలాంటివి కొన్ని నెలలుగా పెరుగుతూ ఉంటే చూపించవలసిందే.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ‘మా నాన్న చిన్నప్పటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతారండీ, ఆయన జ్ఞాపకశక్తికేం లోటు లేదు’ అంటారు. అల్జీమర్స్ వంటి జబ్బుల్లో పాత జ్ఞాపకాలు చాలాకాలం నిలుస్తాయి. ముందు దెబ్బతినేది కొత్త సంగతిని నిలుపుకునే శక్తి. అందుకే ఆదివారం ఆరాధనలో పాట అంతా కంఠతా పాడే అమ్మగారు, ఇంటికి వచ్చాక ఈ రోజు గుడికి వెళ్లామా అని అడగవచ్చు. ఆమె నటించడం లేదు, మొండికేయడమూ లేదు.

దూరాన ఉన్న పిల్లలకు ఈ మార్పు త్వరగా అందదు. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో ఆదివారం పది నిమిషాలు ఫోనులో మాట్లాడితే పెద్దవాళ్లు బాగానే మాట్లాడతారు. తిన్నావా, పిల్లలు బాగున్నారా అనే మాటలు ఏళ్ల తరబడి అలవాటైనవి, వాటికి కొత్త జ్ఞాపకం అక్కరలేదు. దాంతో ఇంట్లో ఉండి చూసుకునే కోడలు చెప్పింది ఎవరూ నమ్మరు. పైగా గొలుసు బియ్యం డబ్బాలో దాచి మరిచిపోయిన అత్తగారు కోడలే తీసిందంటారు. తాను పెట్టిన జ్ఞాపకం లేదు గనుక, ఎవరో తీశారన్నదే ఆమెకు తోచే సమాధానం. ఇది జబ్బులో భాగమని తెలియక మాటలు పెరిగి విడిపోయిన కుటుంబాలు ఉన్నాయి. పరీక్ష ఆ కోడలికి కూడా న్యాయం చేస్తుంది.

డిమెన్షియా అనేది ఒక జబ్బు పేరు కాదు. జ్వరం అన్న మాటలాంటిది. జ్వరం మలేరియా వల్లా రావచ్చు, టైఫాయిడ్ వల్లా రావచ్చు. అలాగే డిమెన్షియాకు అల్జీమర్స్ కారణం కావచ్చు, బి.పి., షుగరు వల్ల మెదడు రక్తనాళాలు పూడుకుపోవడం కావచ్చు, మరికొన్ని కావచ్చు. నిఘంటువుల్లో దీనికి చిత్తవైకల్యం అని ఉంటుంది. ఆ మాటలో పిచ్చి అన్న ధ్వని ఉండటం వల్ల నేను వాడను. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది, అంటే సుమారు 88 లక్షల మంది. మిగిలిన తొంభై మందికి పైగా అరవై దాటినా డిమెన్షియా లేకుండానే ఉన్నారు. వయసొక్కటే కారణమైతే ఇలా ఉండదు కదా. అలాగని పెద్దవాళ్ల జబ్బేనని కూడా అనుకోవద్దు. 1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వివరించిన మొదటి రోగికి, ఆసుపత్రిలో చేరేనాటికి వయసు 51 సంవత్సరాలే.

పరీక్ష చేయించమని ఇంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం, డిమెన్షియాలా కనిపించి వైద్యానికి లొంగేవి కొన్ని ఉండటం. థైరాయిడ్ తగ్గితే మనిషి మందకొడిగా మారి మతిమరుపు వస్తుంది. విటమిన్ బి12 తక్కువైనా అంతే. బొత్తిగా శాకాహారం తినేవారిలోనూ, షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడుతున్నవారిలోనూ ఇది తగ్గే అవకాశం ఎక్కువ. మన ఇళ్లలో ఆ మాత్ర వాడనివారు ఎంతమంది? బి.పి.కి వాడే కొన్ని మాత్రల వల్ల రక్తంలో సోడియం పడిపోయి తికమక వస్తుంది. బాత్‌రూములో జారిపడి తలకు చిన్న దెబ్బ తగిలితే, ఆ రోజు ఏమీ లేకపోయినా, వారాల తరువాత మెదడు పైపొరల్లో రక్తం నిలిచి మనిషి మారిపోవచ్చు. ఆపరేషన్‌తో ఆ రక్తం తీసేస్తే చాలామంది కోలుకుంటారు. మతిమరుపుతోపాటు, కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం కూడా ఉంటే మెదడులో నీరు పెరిగిందేమో చూడాలి.

ఇంకొకటి మాత్రల సంచి. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రజోలామ్, జలుబుకు, దురదకు వాడే నిద్రమత్తు మాత్రలు, మూత్రం ఆగడానికి ఇచ్చేవి, ఇవన్నీ పెద్దవయసులో మతిని మసకబారుస్తాయి. ఒక డాక్టరు రాసింది ఇంకొకరికి తెలియదు. పదేళ్లనాటి చీటీ చూపించి అవే మాత్రలు కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. అలాగే దిగులు జబ్బు. భార్యనో భర్తనో పోగొట్టుకున్న తరువాత నిద్ర, ఆకలి తగ్గి, ‘నాకేమీ గుర్తుండటం లేదు’ అని వారే పదేపదే చెప్పుకుంటూ ఉంటే దిగులును అనుమానించాలి. దానికి మందు ఉంది. చెవి సరిగా వినపడకపోతే చెప్పింది మరిచిపోయినట్టే కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ రోజు హఠాత్తుగా తికమకపడుతూ, ఎవరినీ గుర్తుపట్టక, మగతగానో ఆందోళనగానో ఉంటే అది మతిమరుపు జబ్బు కాదు, అత్యవసర పరిస్థితి. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగరు పడిపోవడం, పక్షవాతం – ఏదైనా కావచ్చు. ఓ.పి. రోజు కోసం ఆగకుండా అప్పుడే తీసుకురండి.

మామూలుగా తీసుకొచ్చినప్పుడు ఏం చేస్తారని చాలామందికి భయం. ‘తల స్కానింగ్ తీస్తే తెలిసిపోతుంది కదా’ అని అడుగుతారు. స్కానింగ్‌లో జ్ఞాపకశక్తి కనిపించదు. గడ్డ ఉందా, రక్తం గడ్డకట్టిందా, పాత పక్షవాతం మచ్చలున్నాయా అన్నది చూడటానికి అది. అసలు పరీక్ష మాటలతోనే జరుగుతుంది. రోగితో కొంతసేపు, ఇంట్లో ఉండి చూసుకునేవారితో విడిగా కొంతసేపు. బడికి వెళ్లని పెద్దమ్మను వందలో నుంచి ఏడు తీసేస్తూ వెళ్లమంటే అది జ్ఞాపకశక్తి పరీక్ష కాదు, చదువు పరీక్ష. అలాంటి వారిని నాట్లు ఏ నెలలో వేస్తారు, కూలి డబ్బుల లెక్క ఎలా, నిన్న ఇంటికి ఎవరొచ్చారు అని అడగాలి. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో ఈ పరీక్షలు తయారై 2020లో వెలువడ్డాయి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, ఒక్క భాషే వచ్చినవారికంటే రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడుతూ పెరిగినవారికి ఈ మాట సంతోషం కలిగిస్తుంది.

అన్నీ చూశాక అల్జీమర్స్ అనే తేలవచ్చు. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు, ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. డొనెపెజిల్ వంటి మందులు కొందరికి కొంతకాలం మేలు చేస్తాయి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ వంటివి కూడా తొలిదశలో ఉన్నవారికే, అదీ జబ్బును కొంత నెమ్మదింపజేయడానికే. వాటితో మెదడులో వాపు, రక్తస్రావం ప్రమాదమూ ఉంది. జ్ఞాపకశక్తి టానిక్కుల మీద డబ్బు పోయవద్దు. అటువంటి వాటిలో కలిపే గింకో ఆకు సారాన్ని అమెరికాలో 75 ఏళ్లు దాటిన మూడు వేల మందికి పైగా వృద్ధులమీద సుమారు ఆరేళ్లు పరీక్షిస్తే డిమెన్షియాను ఆపలేదని 2008లో తేలింది. బి.పి., షుగరు అదుపులో పెట్టడం, పొగాకు మానడం, వినికిడి యంత్రం పెట్టించడం అంతకంటే మంచి ఖర్చు.

మరి నయం కానప్పుడు తెలుసుకుని ఏం లాభం? ఇది న్యాయమైన ప్రశ్నే. తొలిదశలో తెలిస్తే ఇల్లు, పొలం, బ్యాంకు ఖాతా గురించి ఆ మనిషే స్వయంగా, తెలివిగా నిర్ణయం చెప్పగలరు. రెండేళ్లు ఆగితే ఆ నిర్ణయం వేలిముద్రగా మారిపోతుంది, దాని మీద అన్నదమ్ములు కోర్టుకు ఎక్కుతారు. గ్యాస్ పొయ్యి, మోటారు సైకిలు, ఇన్సులిన్ ఎవరు చూడాలో ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. జేబులో పేరు, ఫోను నంబరు ఉన్న చీటీ పెట్టవచ్చు. అన్నిటికంటే, ‘ఎన్నిసార్లు చెప్పాలి నీకు’ అని కసురుకోవడం ఇంట్లో తగ్గుతుంది.

వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, షాపులో కొన్నవి, నాటు మందులు సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. కళ్లజోడు, చెవి మిషను మరువకండి. ఏ మార్పు ఎప్పుడు గమనించారో ఒక కాగితం మీద రాసుకోండి. రోజూ దగ్గరుండి చూసుకునేవారు తప్పక రావాలి. పెద్దవారు రానంటే ‘నీకు మతి పోతోంది, పద’ అని లాక్కురావద్దు. ‘బి.పి., చూపు, రక్తం అన్నీ ఒకసారి చూపించుకుందాం నాన్నా’ అనండి. అందులో అబద్ధమేమీ లేదు, అవన్నీ ఎలాగూ చూస్తారు.