నెత్తి మీది మెరుపు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని కనపడనివ్వవు. అదే ఆకాశంలో, 2022 అక్టోబర్ 9 సాయంత్రం ఏడు కావస్తుండగా, ఇప్పటిదాకా నమోదైన వాటిలోకెల్లా ప్రకాశవంతమైన గామా కిరణ విస్ఫోటం దాదాపు మన నెత్తి మీదే మెరిసింది. ఆ ధాటికి నాసా ఫెర్మీ టెలిస్కోపు డిటెక్టర్లే ఉక్కిరిబిక్కిరయ్యాయి. జీఆర్‌బీ ఆల్ఫా అనే పది సెంటీమీటర్ల బుల్లి ఉపగ్రహం మాత్రం దాని గరిష్ఠ స్థాయిని చక్కగా కొలిచింది. లోపలున్నది అరచేతంత సీజియం అయొడైడ్ పలక. గామా కిరణం తగిలితే మిణుక్కుమంటుంది, సెన్సర్ ఆ మిణుకుల్ని లెక్కపెడుతుంది. అంతే. ఈ విద్య మనకేం కొత్త కాదు. ఎల్‌బీ నగర్‌కు ఉత్తరాన, ఈసీఐఎల్ దగ్గరి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) కేంద్రం దశాబ్దాలుగా బెలూన్లకు డిటెక్టర్లు కట్టి పైకి పంపుతోంది. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఇలాంటి విస్ఫోటాలను వందల్లో పట్టింది, కాకపోతే దాని బరువు టన్నున్నర. హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్ వారి బుల్లి థైబోల్ట్ ఉపగ్రహాల జంట 2022 నవంబర్ 26న కక్ష్యకు చేరింది. డిటెక్టర్ తెలిసినవాళ్లూ, ఉపగ్రహం డబ్బా కట్టేవాళ్లూ ఒకే ఊళ్లో ఉండగా, ఆ ఇద్దరినీ కలిపే పని మన ఇంజినీరింగ్ కాలేజీలు ఎందుకు తలకెత్తుకోవు? ఫ్లెక్సీ ముందు ఫొటో దిగడం తేలికనేనా? జీఆర్‌బీ ఆల్ఫా డేటాను దింపడానికి హామ్ రేడియో ఔత్సాహికుల యాంటెన్నాలూ పనికొచ్చాయి. అలాంటిది పెట్టడానికి చైతన్యపురిలో ఏ హాస్టల్ డాబా అయినా చాలు. ఓనరు ఒప్పుకోవడం వేరే సంగతి.