నాటకం ఎవరికి ‘మైనర్’?

2022 డిసెంబరులో యూజీసీ తెచ్చిన డిగ్రీ ఫ్రేమ్‌వర్క్‌లో మేజర్‌తో పాటు మైనర్ సబ్జెక్టుకూ చోటుంది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్‌కు 24. అంటే ఎకనామిక్స్ చదివే మన పిల్లలు నాటకం కూడా చదవొచ్చు. నాటకమే మేజర్ అంటే ‘రేపు ఉద్యోగమేది?’ అని ఇంట్లో అడుగుతారు. ఆ భయం మాకు తెలుసు. అందుకే ఈ వెసులుబాటును మేం తేలిగ్గా కొట్టిపారేయం.

కానీ నాటకం చెప్పే అధ్యాపకుడు లేని కాలేజీలో ఈ మైనర్ కాగితానికే పరిమితం. రిహార్సల్స్ సాయంత్రం పెడితే, ఆ వేళ పనికెళ్లి ఖర్చులు వెళ్లదీసుకునే విద్యార్థులే ముందు తప్పుకుంటారు.

ఇంకో ప్రశ్న: ఆ 24 క్రెడిట్లలో ఎవరి నాటకం చెబుతారు? నాట్యశాస్త్రం, షేక్‌స్పియర్, కన్యాశుల్కం చదవాల్సిందే. మరి బోయి భీమన్న ‘పాలేరు’? చిందు మాదిగలు తరతరాలుగా ఆడుతున్న యక్షగానం? చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. పద్మశ్రీకి తగిన కళ సిలబస్‌కు తగదా?

డిగ్రీ లేదన్న సాకు చెల్లదు. యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతిలో 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులకు డిగ్రీ తప్పనిసరి కాదు. ఒకరోజు వర్క్‌షాప్ పెట్టి శాలువా కప్పి పంపడం కాదు, సెమిస్టరంతా గౌరవ వేతనంతో వాళ్లచేత పాఠం చెప్పించాలి. రిహార్సల్స్‌ను పగటి టైమ్‌టేబుల్లో చేర్చాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు విద్యార్థి సంఘాలు పెట్టాల్సిన డిమాండ్లు ఇవే.