ఆరోగ్య విషయములు: ఒక దూతకు రెండు గుర్తులు

రాచపుండునకు శస్త్రము చేయు వైద్యునికి రెండు చిక్కులు కలవు. కణితి దేహములో నెచ్చట నున్నదో ముందుగా తెలియవలెను. కోసిన పిమ్మట రవంతయైనను మిగులలేదని కంటితో చూడవలెను. ఈ రెండు పనులను ఒకే సాధనముచే నెరవేర్చుటకు శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు.

మన రక్తమునందు ప్రతిరక్షకములను మాంసకృత్తులు కలవు. ఒక్కొక్కటి తనకు తగిన పదార్థమునే వెదకి పట్టుకొనును. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అను పండితులు ఒకే తీరు ప్రతిరక్షకములను కావలసినన్ని తయారుచేయు మార్గమును చూపిరి. రొమ్మున పుట్టు రాచపుండ్లలో నూటికి 15 మొదలు 20 వరకు ‘హెర్-2’ అను పదార్థము కణములపై మెండుగా నుండును. దానిని పట్టుకొను ప్రతిరక్షకమే ట్రాస్టుజుమాబ్.

ఇట్టి దూతకు రెండు గుర్తులు తగిలింతురు. మన డెల్టాలో కాలువగట్టు జమ్ములో ఆవు మరుగుపడినపుడు మెడగంట వలన జాడ తెలియును. దగ్గరకు పోయినపుడు నొసటి బొట్టు చూచి మన యావే యని యెరుగుదుము. ఇండియం-111 అను రేడియోధార్మిక లోహము గంటవంటిది. దాని కిరణములు దేహమును దాటివచ్చి యంత్రమునకు జాడ తెలుపును. పరారుణ కాంతి నిచ్చు రంగు బొట్టువంటిది. ఆ కాంతి లోతునుండి రాజాలదు గాని, కోసినచోట ప్రత్యేకమైన కెమెరాకు మెరసి కనబడును.

రంగును, లోహమును పటకారువలె పట్టియుంచు నొక యణువును ప్రతిరక్షకములోని లైసీను భాగములకు అతుకుదురు. ఇందు మెలకువ కావలెను. గుర్తులు మితిమీరినచో దూత కణితిని పట్టు శక్తిని గోల్పోయి కాలేయమున చేరును. కొరవడినచో జాడయే తెలియదు.

2007లో అమెరికాలోని హ్యూస్టను పరిశోధకులు ట్రాస్టుజుమాబునకు ఈ రెండు గుర్తులను తగిలించి చిట్టెలుకలలో పరీక్షించిరి. 2018లో నెదర్లాండ్సు వైద్యులు వేరొక ప్రతిరక్షకముతో మూత్రపిండపు రాచపుండు గల రోగులయందు చేసిన ప్రయోగమును ప్రకటించిరి. ఇది యింకను సామాన్య వైద్యము కాలేదు.

రేడియోధార్మిక మనగానే బెదరనక్కరలేదు. ఇండియం-111 శక్తి యించుమించు 2.8 దినములకు సగమగును. మన కృష్ణాజిల్లా మంటాడలో జన్మించిన డాక్టరు నోరి దత్తాత్రేయుడుగారు అట్టి కిరణములతోడనే రాచపుండునకు చికిత్స చేయుచు అమెరికాలో ప్రసిద్ధులై, 2015లో పద్మశ్రీ బిరుదమును పొందిరి.

అయినను, అమ్మలారా, దూత యెంత నేర్పరియైనను మీరు సిగ్గుచే దాచిన గడ్డయొద్దకు పోజాలదు. రొమ్మున గడ్డ తగిలినను, చర్మము లోనికి గుంటపడినను, చనుమొననుండి నెత్తురు వచ్చినను, నొప్పి లేదని యూరకుండక విజయవాడకో బందరుకో పోయి వెంటనే వైద్యునికి చూపుడు. ఇంటిలో కోడలు చెప్పుకొనలేకున్నచో అత్తగారే అడిగి తోడుకొనిపోవలెను.