పెద్దప్రేగు చికిత్సలో యంత్రహస్తము

అమెరికాలోని మన తెలుగు కుటుంబములలో ఎవరికైనను పెద్దప్రేగునకు శస్త్రచికిత్స అవసరమైనపుడు, ఆ ఆస్పత్రిలో రోబో ఉన్నదా యని ముందుగా విచారించుట పరిపాటి యగుచున్నది. ఆ ప్రశ్న రెండవది కావలెనని నా దృఢాభిప్రాయము.

ఉదరమును విశాలముగా చీల్చక, చిన్న రంధ్రముల గుండ కెమెరాను, పరికరములను పంపి చేయు లాపరోస్కోపీ, క్యాన్సరు కణములను వెదజల్లునేమో యను భయము, ఉత్తర అమెరికాలో 872 మంది రోగులపై జరిగిన పరీక్ష 2004లో వెలువడినపిమ్మటగాని సడలలేదు. 2000లో అమెరికా ప్రభుత్వానుమతి పొందిన డావిన్చీ యను రోబో యంత్రము, దూరముగా కూర్చున్న వైద్యునికి త్రిమితీయ దృష్టిని, మణికట్టువలె తిరుగు పరికరములను ప్రసాదించి, చేతి వణకును అణచివేయును. మూత్రవిసర్జనను, దాంపత్యజీవితమును శాసించు సున్నితమైన నాడులు పెనవేసికొనియున్న ఇరుకైన కటిభాగమున, మలాశయమును తొలగించునపుడే దీని నిజమైన ఉపయోగము. అచ్చటనైనను, 471 మందిపై జరిగి 2017లో ప్రకటితమైన అంతర్జాతీయ పరీక్షలో, మధ్యలో ఉదరమును తెరవవలసివచ్చినవారు లాపరోస్కోపీలో నూటికి 12.2, రోబోలో 8.1, ఆ వ్యత్యాసము గణితశాస్త్రరీత్యా నిర్ణయాత్మకము కాలేదు. అనంతరము చైనాలో జరిగిన విస్తృత పరీక్ష మాత్రము, మలాశయ క్యాన్సరు విషయమున రోబోకే మొగ్గుచూపినది, దానిని త్రోసిపుచ్చరాదు.

కాని ఎగువనున్న పెద్దప్రేగు భాగమునకు, వ్యయము తక్కువైన లాపరోస్కోపీ నిపుణుని చేతిలో చక్కగా చాలును. కనుక రోగి బంధువులు వైద్యుని మొదట అడుగవలసినది, ఇట్టి చికిత్సలు ఏటా ఆయన స్వయముగా ఎన్ని చేయుచున్నాడనియు, వాటిలో ఎందరికి ప్రేగు అతుకు విడిపోయినదనియు.